దుబాయ్‌కి, మలేషియాకి మీరిద్దరూ జంటగా బయల్దేరే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. నీది బరంపురం, అతనిది పర్లాకిమిడి. ఇద్దరూ మగవాళ్లు. నాలుగేళ్లుగా విశాఖలో ఒకే ఇంట్లో ఉంటున్నారు, కిందటేడు ఇద్దరు స్నేహితుల ముందు గుళ్లో దండలు మార్చుకున్నారు. అతని అక్కాబావా షార్జాలో ఉంటారు. "నీ ఫ్రెండ్‌ని కూడా తీసుకురా" అని అక్క పిలుస్తోంది. ముందు ఆరు రోజులు అక్కడ, తర్వాత డిసెంబరులో నాలుగు రోజులు మలేషియా. వీసా ఫారంలో పెళ్లయినట్టు రాయాలా, హోటల్లో ఒకే గది ఇస్తారా, ఫోన్లో ఫొటోలుంటే పట్టుకుంటారా, అసలు వెళ్లొచ్చా అని అడిగావు.

వెళ్లొచ్చు. కానీ ఇమిగ్రేషన్ కౌంటర్ గురించి నువ్వు పడుతున్న టెన్షన్‌లో సగమైనా ఆసుపత్రి గురించి, అక్కావాళ్ల ఇంటి గురించి పడాలి.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను. పదహారేళ్లు వీసాలు, టికెట్ల పనిలో ఉన్నాను. మావాడూ నేనూ కలిసి పంతొమ్మిదేళ్లయింది. ఇద్దరం కలిసి మస్కట్, దుబాయ్, కౌలాలంపూర్, కొలంబో, బ్యాంకాక్, కాఠ్మాండూ చూశాం. ఒక్కో చోట ఒక్కోటి నేర్చుకున్నాం, కొన్ని ఏడ్చి నేర్చుకున్నాం. అందుకే నీకు కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు వీసా ఫారం. "అవివాహితుడు" అనే రాయండి, ఇద్దరూ. అది అబద్ధం కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, మనలాంటివాళ్ల సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి మనల్ని తప్పించింది కానీ, 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. గుళ్లో మీరు మార్చుకున్న దండలు మీకు పెళ్లే, నాకూ పెళ్లే. మన చట్టం లెక్కలో మాత్రం మీరిద్దరూ పెళ్లికానివాళ్లు. ఫారంలో చట్టం లెక్కే అడుగుతారు. ఒకరినొకరు "స్నేహితుడు" అని రాసుకోవడానికి మనసొప్పదని నాకు తెలుసు. రాయండి, పరవాలేదు.

కౌంటర్ దగ్గర ఇద్దరు మగవాళ్లు కలిసి దిగితే ఎవరూ వింతగా చూడరు. భువనేశ్వర్ నుంచి దుబాయ్ వెళ్లే విమానంలో సగం మంది మన గంజాం కుర్రాళ్లే ఉంటారు. గల్ఫ్‌లో ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది మగవాళ్లు సర్దుకుని బతుకుతుంటారు. కాబట్టి హోటల్లో ఇద్దరు మగవాళ్లకి ఒక గది మామూలు విషయమే. రెండు మంచాల గది బుక్ చేసుకోండి. ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకుంటారు, నమోదు చేసుకుంటారు, అంతే. ఒకే పెద్ద మంచం ఉన్న గది తీసుకున్నా చాలాచోట్ల అడగరు. కానీ "చాలాచోట్ల" అనే మాట మీద ఆధారపడి పరాయి దేశంలో రాత్రి గడపొద్దు. గది శుభ్రం చేసేవాళ్లు వస్తారు, పోతారు. రెండో మంచం కూడా వాడినట్టు కనిపించేలా పెట్టండి. నాకు ఇది చెప్పడం బాధగానే ఉంది, అయినా చెప్పాలి.

చట్టం సంగతి సూటిగా చెబుతాను. దుబాయ్, షార్జా ఉన్న యూఏఈ దేశంలో మగవాళ్ల మధ్య సంబంధం నేరం. జైలు ఉంటుంది, తర్వాత దేశం నుంచి పంపేస్తారు. 2020 నవంబరులో అక్కడ పెళ్లికాని స్త్రీపురుషులు కలిసి ఉండడం నేరం కాదన్నారు. ఆ వార్త చూసి మనకీ వర్తిస్తుందనుకున్నవాళ్లు నా దగ్గరికే ఇద్దరు ముగ్గురు వచ్చారు. వర్తించదు. బయట ముద్దులు, కౌగిళ్లు అయితే స్త్రీపురుషులకే కుదరదు. 2010లో దుబాయ్ రెస్టారెంట్‌లో ముద్దు పెట్టుకున్నారని ఒక బ్రిటన్ జంటకి నెల రోజుల జైలు పడింది. 2017లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒకతని చెయ్యి బార్‌లో పక్కవాడి తుంటికి తగిలింది. రద్దీలో గ్లాసు ఒలకకుండా చెయ్యి అడ్డం పెట్టానని అతను మొత్తుకున్నా మూడు నెలల శిక్ష వేశారు. చివరికి దుబాయ్ పాలకుడి ఆదేశంతో విడుదలయ్యాడు. ఆ రెండు కేసులూ ఒకసారి ఆలోచించు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చి పట్టుకోలేదు, పక్కన ఉన్న ఎవరో ఫిర్యాదు చేశారు. అలాంటి దేశాల్లో మనలాంటివాళ్లకి ప్రమాదం ఎక్కువగా వచ్చేది ఆ దారినే. మూడో మనిషి.

అందుకే చెబుతున్నా, గదిలో కూడా గొడవ పడి గొంతు పెంచుకోవద్దు. ప్రయాణంలో అలసట ఉంటుంది, మాటామాటా వస్తుంది. పక్కగదివాళ్లు రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు మీ గొడవ కారణం కూడా అడుగుతారు. తాగి రోడ్డు మీదికి రావద్దు. షార్జాలో మద్యం పూర్తిగా నిషేధం, దుబాయ్ నుంచి సీసా తెచ్చుకుని అక్క ఇంట్లో పెట్టుకోవడం కూడా కుదరదు.

ఫోన్ సంగతి. విమానాశ్రయంలో ప్రతి ఒక్కరి ఫోన్ తెరిచి చూడరు. కానీ ఏ చిన్న గొడవలోనైనా పోలీసుల చేతికి మొదట వెళ్లేది ఫోనే, అందులో ఉన్నదే సాక్ష్యం అవుతుంది. డేటింగ్ యాప్‌లు ఉంటే ఇంట్లోనే తీసేయండి. దిగాక "ఊరికే చూద్దాం" అని మళ్లీ పెట్టుకోవద్దు. అలాంటి యాప్‌లలో ప్రేమగా మాట్లాడి, గదికి రప్పించి, డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. ఈజిప్టులాంటి దేశాల్లో పోలీసులే ఆ వేషం వేసి పట్టుకున్న కేసులున్నాయి. దండల ఫొటోలు, మీ ఇద్దరి చాట్లు ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఫోన్ నుంచి తీసేయండి. క్లౌడ్‌లో ఉంటే ఆ ఖాతా ఫోన్లో తెరిచి ఉంచొద్దు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మీ పేరుతో వెతికితే ఏం కనిపిస్తుందో వెళ్లే ముందే చూసుకోండి. అక్కడ ఉన్నన్నాళ్లూ ఏమీ పోస్ట్ చేయకండి. తిరిగొచ్చాక చెయ్యొచ్చు, బుర్జ్ ఖలీఫా ఎక్కడికీ పోదు.

ఇక ఆసుపత్రి. ఇది నేను నిదానంగా చెప్పాలి.

2014లో మేం మస్కట్‌లో ఉన్నాం. మూడో రాత్రి రెండు గంటలకి మావాడికి కడుపునొప్పి మొదలైంది. ముందు తిన్నది పడలేదనుకున్నాం. నాలుగు అయ్యేసరికి మంచం మీద ముడుచుకుపోయాడు. టాక్సీలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అపెండిక్స్ అన్నారు. లోపలికి తీసుకెళ్లిపోయారు. కౌంటర్‌లో ఒకాయన "మీరు ఇతనికి ఏమవుతారు?" అని అడిగాడు. "స్నేహితుడిని" అన్నాను. "బంధువులు ఎవరూ లేరా?" అన్నాడు. లేరన్నాను. అక్కడితో నాకూ అతనికీ మధ్య తలుపు మూసుకుపోయింది. పరిస్థితి ఎలా ఉందో చెప్పరు, ఆపరేషన్ ఎప్పుడో చెప్పరు. డబ్బు మాత్రం నా దగ్గరే కట్టించుకున్నారు. వాదిద్దామంటే ఏమని వాదించను? "నేనే అతని మనిషిని" అని గట్టిగా చెబితే అది ఆ దేశంలో నేరాన్ని ఒప్పుకున్నట్టే. ఆ కుర్చీలో కూర్చుని నాకు మొదటిసారి అర్థమైంది, మేం ఇంట్లో ఒకరికొకరం ఎంత అయినా కాగితం మీద ఏమీ కామని.

చివరికి నేను చేసిన పని ఏంటంటే, మావాడి పెద్దన్నయ్యకి ఫోన్ చేశాను. మా సంగతి తెలిశాక ఆయన ఆరేళ్లుగా మాతో మాట్లాడటం మానేశారు. ఇక్కడ బరంపురంలో అప్పుడు తెల్లవారింది, ఆయన పెద్దబజారు షాపు తెరవడానికి బయల్దేరుతున్నారు. విషయం చెప్పాను. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "ఫోన్ వాళ్లకియ్యి" అన్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో, నేను వింటుండగానే, "పేషెంట్‌కి నేను అన్నయ్యని. ఇతను మా ఇంటివాడే. ఇతను ఏం చెబితే అది చేయండి" అన్నారు. అరగంటలో నన్ను లోపలికి పంపారు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు కన్నీళ్లు వస్తాయి.

మాకు ఒక అన్నయ్య ఉన్నారు. అందరికీ ఉండరు. అందుకే అప్పటినుంచి కాగితాలు లేకుండా మేం సరిహద్దు దాటలేదు. మీరూ దాటొద్దు.

మొదటిది ఇన్సూరెన్స్. కుటుంబ పాలసీ అని ఆశపడకండి, ఇద్దరూ విడివిడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అందులో అత్యవసరంలో ఎవరికి చెప్పాలి అన్నచోట ఒకరి పేరు ఒకరు, ఒకరి విదేశీ నంబరు ఒకరు ఇవ్వండి. ఆసుపత్రివాళ్లు మొదట మాట్లాడేది ఇన్సూరెన్స్ కంపెనీతోనే, ఆ కంపెనీ ఫైలులో మీ పేరుంటే సగం తలుపు తెరుచుకున్నట్టే. రెండోది అధికార పత్రం. "నాకు స్పృహ లేకపోతే నా వైద్యం గురించి వివరాలు ఇతనికి చెప్పండి, నా తరపున సంతకం పెట్టడానికి ఇతనికి అధికారం ఇస్తున్నాను" అని ఇంగ్లీషులో, ఇద్దరి పాస్‌పోర్ట్ నంబర్లతో, ఒకరు మరొకరికి రాసివ్వండి. నోటరీ చేయించండి. అందులో "భాగస్వామి" అనే మాట వద్దు. "ఒకే ఇంట్లో ఉంటున్న మిత్రుడు" చాలు. ప్రతి ఆసుపత్రీ దాన్ని ఒప్పుకుని తీరాలని లేదు, కానీ చేతిలో ఏమీ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. మూడోది, మీ రెండు కుటుంబాల్లో మీ సంగతి తెలిసిన ఒక్క మనిషి. అక్క కావచ్చు, పిన్ని కొడుకు కావచ్చు. ఫోన్ వస్తే "ఇతను మా ఇంటివాడే" అని చెప్పగలిగిన మనిషి. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే మీ పెళ్లికి సాక్షులుగా నిలబడ్డ ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకరిని అడగండి.

డబ్బు కూడా. ఇద్దరి దగ్గరా విదేశంలో పనిచేసే కార్డు ఉండాలి. ఒకరి పర్సులోనే అంతా పెట్టుకుంటే ఆ ఒకరే పడిపోయిన రోజు రెండోవాడు ఆసుపత్రి మెట్ల మీద నిలబడాలి. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ మనలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. ఇంకా పెట్టుకోకపోతే ఈ ప్రయాణం వంకతో ఆ పని కూడా చేసేయండి.

మందులుంటే అసలు డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో తీసుకెళ్లండి. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి మందులు, దగ్గు మందులు యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసు అవుతుంది. ఇంకో మాట, నువ్వు అడగలేదు కానీ మనవైపు కుర్రాళ్లకి చెప్పాల్సింది. టూరిస్టుగా వెళ్తే హెచ్ఐవీ పరీక్ష చేయరు. ఉద్యోగానికి వెళ్లి అక్కడ ఉండే వీసా కావాలంటే చేస్తారు, పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారు. గల్ఫ్ ఉద్యోగం ఆలోచన ఉన్నవాళ్లు ఏజెంటుకి డబ్బు కట్టకముందే ఇక్కడ బరంపురంలోని ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రిలాంటి చోట పరీక్ష చేయించుకుని బయల్దేరాలి. పాజిటివ్ వచ్చినా ఇక్కడ హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తారు, బతుకు ఆగిపోదు.

ఇప్పుడు అక్క ఇల్లు. తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తంలో నాకు ఎక్కువ గుబులు పుట్టించింది ఇదే. అక్కకి తెలుసు అంటున్నావు. బావగారికి తెలియదు. ఆయనతో కలిసి ఆరు రోజులు ఒకే ఫ్లాట్‌లో, ఇద్దరు పిల్లలతో, హాల్లో పడక. ఆయన మంచివాడే కావచ్చు. అయినా ఆయన వీసా, ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఆ దేశం చేతిలో ఉన్నాయి. తన ఇంట్లో ఇలాంటి సంగతి ఉందని తెలిస్తే ఆయన భయం ఆయనది. ఆ భయంలో మనిషి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. పైగా షార్జా, దుబాయ్‌లలో మన ఊరివాళ్లు ఎంతమంది! బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి సెలవు పెట్టుకుని వచ్చేవాళ్లంతా అక్కడ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. అక్కడ ఒక సాయంత్రం ఎవరో అన్న మాట మర్నాటికి పర్లాకిమిడిలో అతని అమ్మానాన్నల గుమ్మం దగ్గర ఉంటుంది. అక్కడి చట్టం కంటే మన ఊరివాళ్ల కన్నే నాకు ఎక్కువసార్లు అడ్డం వచ్చింది.

నేనైతే ఇలా చేస్తాను. దుబాయ్‌లో హోటల్ తీసుకుని, అక్కావాళ్లింటికి పగటిపూట భోజనానికి వెళ్తాను. "పిల్లలకి ఇబ్బంది ఎందుకక్కా, మేం తిరగడానికి వచ్చాం" అంటే నమ్మేలాగే ఉంటుంది. ఆరు రోజులు వద్దు, నాలుగు చాలు. అక్కతో మాత్రం ముందే ఫోన్లో నిజంగా మాట్లాడండి. ఆవిడ ఎంతవరకు మోయగలదో ఆవిడనే చెప్పమనండి. ఆవిడ మీ కోసం తన ఇంట్లో అబద్ధం ఆడాల్సి వస్తే ఆ భారం ఆవిడది, మీది కాదు. "రావద్దురా" అంటే బాధపడకుండా వినండి.

మీరిద్దరూ కూడా ఒకరోజు కూర్చుని మాట్లాడుకోవాలి. ఏది దాచాలి, ఏది దాచలేం అని. మీలో ఒకరికి దాచడం తేలిక, ఒకరికి నరకం అయితే ఆ నాలుగు రోజులూ రెండోవాడు లోపల నలిగిపోతాడు. మావాడు కొలంబోలో అలాగే నలిగాడు. శ్రీలంకలో ఇంకా పాత బ్రిటిష్ కాలపు చట్టమే ఉంది. నేను భయంతో అతని పక్కన కూర్చోవడం కూడా మానేశాను, ఏమైందో చెప్పలేదు. అతను నేను సిగ్గుపడుతున్నాననుకున్నాడు. జాగ్రత్తపడటం వేరు, సిగ్గుపడటం వేరు అని ముందే మాటల్లో చెప్పుకోవాలి, వెళ్లాక చెప్పుకుందామంటే కుదరదు.

మలేషియాకి చాలామంది తేలిగ్గా వెళ్తారు. వీసా బాధ తక్కువ, తిండి మనకి నచ్చుతుంది, మన తెలుగువాళ్లూ అక్కడ తరతరాలుగా ఉన్నారు. కానీ చట్టం తేలిక కాదు. మన 377 సెక్షన్ ఏ కాలంలో పుట్టిందో అదే బ్రిటిష్ కాలం వాళ్లకీ ఇచ్చిపోయింది, అంకె కూడా అదే. మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు మన తాతలకి ఏ చట్టం ఉందో, దాని తమ్ముడు వాళ్ల దగ్గర ఇంకా బతికే ఉన్నాడు. 20 ఏళ్ల దాకా జైలు, బెత్తం దెబ్బలు కూడా. ముస్లింలకైతే దాని మీద రాష్ట్రాల షరియా చట్టాలు కూడా ఉంటాయి. 2018లో తెరెంగాను రాష్ట్రంలో ఇద్దరు స్త్రీలకి కోర్టులో అందరి ముందూ బెత్తం దెబ్బలు కొట్టారు. 2023లో, మనలాంటివాళ్ల జెండా రంగులైన ఇంద్రధనుస్సు రంగులున్న స్వాచ్ వాచీలను దుకాణాల నుంచి పట్టుకుపోయారు. అవి అమ్మినా, పెట్టుకున్నా మూడేళ్ల దాకా జైలు అని ఆ తర్వాత ప్రకటించారు. కాబట్టి ఆ రంగుల బ్యాండు, టీషర్టు, బ్యాగు మీది బ్యాడ్జి ఏదైనా ఇంట్లో వదిలి వెళ్లండి. మామూలు ఉంగరాలు పెట్టుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. మిగతాదంతా దుబాయ్ జాగ్రత్తలే.

నిజానికి మలేషియా బదులు ఆ నాలుగు రోజులు బ్యాంకాక్ వెళ్లమంటాను. 2025 జనవరి నుంచి థాయ్‌లాండ్‌లో మగవాళ్లిద్దరూ, ఆడవాళ్లిద్దరూ చట్టబద్ధంగా పెళ్లి చేసుకోవచ్చు. హోటల్లో ఒకే మంచం అడిగితే ఎవరూ తల కూడా ఎత్తరు. దగ్గర్లో కావాలంటే నేపాల్. మనకి వీసా అక్కర్లేదు, 2023లో అక్కడ ఇలాంటి పెళ్లి ఒకటి నమోదైంది కూడా. మారిషస్‌లో 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పాత చట్టాన్ని కొట్టేసింది. అక్కడి తెలుగువాళ్ల ఉగాది చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. సింగపూర్ 2023 జనవరిలో ఆ సెక్షన్ తీసేసింది, పెళ్లి మాత్రం ఒప్పుకోదు. బాలి గురించి అడుగుతారు చాలామంది. ఇండోనేషియాలో 2026 జనవరి నుంచి కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చింది, పెళ్లి బయటి సంబంధం మీద తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో ఫిర్యాదు చేస్తే కేసు. ఇంట్లోవాళ్లు కోపంగా ఉన్న జంటలు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

చివరిగా, జరగకూడనిది జరిగితే. పట్టుకుంటే వాదించొద్దు, ఒప్పుకోలు రాయొద్దు, అర్థంకాని అరబీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. "మా కాన్సులేట్‌కి చెప్పండి" అనే ఒక్క మాట మళ్లీ మళ్లీ అనండి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అది మీ హక్కు. కాన్సులేట్‌వాళ్లు విడిపించలేరు, అక్కడి చట్టం మార్చలేరు. కానీ వచ్చి చూస్తారు, లాయర్ల పేర్లు ఇస్తారు, మీరు చెప్పినవాళ్లకి కబురు చేస్తారు. ఎవరికి కబురు చెయ్యాలో మీరే చెప్పండి, లేకపోతే ఇంటికే వెళ్తుంది. బయట ఉన్న రెండోవాడు పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తి "నేను అతని మనిషిని" అనకూడదు. ఎంత కష్టంగా ఉన్నా అనకూడదు. కాన్సులేట్‌కి, లాయర్‌కి, ఇంట్లో ఆ నమ్మకస్తుడికి ఫోన్ చెయ్యాలి. ఎవరైనా ఫొటోలు పెట్టుకుని డబ్బు కోసం బెదిరించినా మొదటి ఫోన్ కాన్సులేట్‌కే. ఒక్క రూపాయి ఇచ్చినా మళ్లీ అడుగుతారు.

దుబాయ్ కాన్సులేట్, కౌలాలంపూర్ హైకమిషన్ నంబర్లు వాళ్ల వెబ్‌సైట్ల నుంచి తీసి ఒక కాగితం మీద రాసుకోండి, ఫోన్లో మాత్రమే కాదు. ఆ కాగితం, పాలసీ కాపీ, అధికార పత్రం కాపీ ఒక్కో సెట్ ఇద్దరి బ్యాగుల్లో, మూడోది బరంపురంలో మీరు నమ్మిన మనిషి దగ్గర. నోటరీ పనికి కోర్టు దగ్గరికి సోమవారం పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి రద్దీ అవుతుంది. అక్కతో మాట్లాడాక ఏమందో నాకు రాయి తమ్ముడూ. ఎదురుచూస్తుంటాను.